కారు వెనుక సస్పెన్షన్ మార్చే ముందు... భౌతికశాస్త్రం ఏం చెబుతోంది?

చిన్న కారు, శక్తిమంతమైన ఇంజిన్. ఇలాంటి పర్‌ఫార్మెన్స్ కారు కొన్నవారికి కొన్నాళ్లకే సస్పెన్షన్ మీదకు మనసు మళ్లుతుంది. కారు కాస్త కిందికి దిగాలి, మలుపుల్లో ఒరగకూడదు, హైవేపై నిలకడగా సాగాలి. అదే కారులో రోజూ ఆఫీసుకు వెళ్లిరావాలి. పండక్కి ఐదుగురు, సామాన్లతో సొంతూరికీ వెళ్లాలి. ఈ రెండు కోరికలూ గట్టిగా ఢీకొనేది వెనుక చక్రాల దగ్గరే. మార్కెట్లో దొరికే స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు, యాంటీ రోల్ బార్లు, బుష్‌లలో దేన్ని ఎంచుకోవాలన్నది అభిరుచికి మాత్రమే సంబంధించిన విషయం కాదు. ఇంటర్మీడియట్‌లో చదువుకున్న సరళ హరాత్మక చలనంతోనే దానిలో చాలా భాగం లెక్క తేలిపోతుంది.

బరువు మారేది వెనుకే

ఇంజిన్ ముందున్న కారులో ముందు చక్రాలపై పడే బరువు పెద్దగా మారదు. ఇంజిన్, గేర్‌బాక్స్ ఎప్పుడూ అక్కడే ఉంటాయి. ముందు సీట్లు కారు మధ్యలో ఉంటాయి కాబట్టి ఆ ఇద్దరి బరువు రెండు యాక్సిళ్లకూ పంచబడుతుంది. వెనుక సీట్లో కూర్చునేవారు, డిక్కీలోని సామాను అలా కాదు. ఆ భారంలో ఎక్కువ భాగం నేరుగా వెనుక చక్రాలపైనే పడుతుంది. అంటే వెనుక స్ప్రింగు ఒకే కారులో రెండు వేర్వేరు కార్లను మోయాలి. ఒకటి డ్రైవర్ ఒక్కడే ఉన్న ఖాళీ కారు, రెండోది నిండిన కారు.

ఒక ఊహాత్మక కారుతో లెక్క చూద్దాం. డ్రైవర్ ఒక్కడే ఉన్నప్పుడు ఒక్కో వెనుక స్ప్రింగు 200 కిలోలు మోస్తోంది. కారు నిండితే అది 320 కిలోలు అవుతుంది. చక్రం దగ్గర కొలిచిన స్ప్రింగు బిరుసుతనం మిల్లీమీటరుకు 20 న్యూటన్లు అనుకుందాం. అదనంగా పడిన 120 కిలోల వల్ల కారు వెనుక భాగం దాదాపు 59 మిల్లీమీటర్లు కుంగుతుంది. ఖాళీ కారులో చక్రం పైకి కదలడానికి, బంప్ స్టాప్ అనే రబ్బరు దిమ్మెను తాకేలోపు, 80 మిల్లీమీటర్ల జాగా ఉందనుకుంటే, నిండిన కారులో ఇంకా 21 మిల్లీమీటర్లు మిగులుతుంది.

ఇప్పుడు అదే కారుకు ఎత్తు 35 మిల్లీమీటర్లు తగ్గించే లోయరింగ్ స్ప్రింగులు వేద్దాం. అవి పాతవాటి కంటే 30 శాతం బిరుసుగా ఉన్నాయనుకుందాం. 80లోంచి 35 ముందే పోయింది. మిగిలింది 45. ఐదుగురు ఎక్కి, డిక్కీ నిండితే ఈ కొత్త స్ప్రింగు కుంగేది కూడా సుమారు 45 మిల్లీమీటర్లే. అంటే కారు కదలకముందే బంప్ స్టాప్‌ను తాకి కూర్చుంటుంది. ఇక గుంత వస్తే మెత్తగా మింగడానికి స్ప్రింగుకు జాగా లేదు.

ఇది కుదుపుకు సంబంధించిన ఇబ్బంది మాత్రమే కాదు. మలుపులో ఉండగా బయటి వెనుక చక్రం బంప్ స్టాప్‌పైకి ఎక్కితే ఆ మూల ఒక్కసారిగా బిరుసెక్కుతుంది. ఆ క్షణంలో వెనుక టైర్ల పట్టు అకస్మాత్తుగా తగ్గుతుంది. ఖాళీ కారుతో చేసిన టెస్ట్ డ్రైవ్‌లో ఇది బయటపడదు. కుటుంబం మొత్తం కారులో ఉన్నప్పుడే బయటపడుతుంది.

స్ప్రింగులోని చుట్లను కోసి కారును కిందికి దించడం మరింత ప్రమాదకరం. చుట్లు తగ్గితే స్ప్రింగు బిరుసెక్కుతుందన్నది నిజమే. కానీ పొడవు తగ్గిన స్ప్రింగు, చక్రం పూర్తిగా కిందికి వేలాడినప్పుడు తన గిన్నెలో వదులై పక్కకు జరిగిపోవచ్చు.

హెర్ట్జ్‌లలో ఆలోచించాలి

స్ప్రింగు మెత్తనా, గట్టిదా అన్న ప్రశ్నకు దాని బిరుసుతనం ఒక్కటే జవాబు చెప్పదు. అది మోస్తున్న బరువు కూడా తెలియాలి. ఈ రెండింటినీ కలిపి చెప్పేదే సహజ పౌనఃపున్యం, అంటే ఒకసారి కుదిపి వదిలితే కారు సెకనుకు ఎన్నిసార్లు పైకీ కిందికీ ఊగుతుందన్న సంఖ్య. బిరుసుతనాన్ని ద్రవ్యరాశితో భాగించి, దాని వర్గమూలాన్ని 2π తో భాగిస్తే ఇది వస్తుంది.

సాధారణ కుటుంబ కార్లలో ఈ సంఖ్య 1 నుంచి 1.5 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. స్పోర్ట్స్ కార్లలో 1.5 నుంచి 2 దాకా వెళ్తుంది. రేసు కార్లలో అంతకన్నా ఎక్కువ. మన ఊహాత్మక కారు వెనుక భాగం ఖాళీగా ఉన్నప్పుడు 1.6 హెర్ట్జ్, నిండితే 1.3 హెర్ట్జ్ దగ్గర ఊగుతుంది. 30 శాతం బిరుసైన స్ప్రింగుతో ఖాళీ కారు 1.8కి చేరుతుంది. 30 శాతం అంటే పెద్ద మార్పులా వినిపిస్తుంది కానీ, వర్గమూలం వల్ల పౌనఃపున్యం పెరిగేది 14 శాతమే. రోజువారీ కారుకు ఇదే దాదాపు హద్దు. నిలువు కంపనాల్లో 4 నుంచి 8 హెర్ట్జ్ మధ్యవి మనిషి శరీరాన్ని ఎక్కువగా ఇబ్బంది పెడతాయి. స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు మరీ గట్టిపడేకొద్దీ రోడ్డులోని ఈ తరహా అదురు సీటు దాకా వస్తుంది.

ముందు, వెనుక పౌనఃపున్యాల మధ్య సంబంధం కూడా ముఖ్యమే. రోల్స్ రాయిస్ నుంచి 1930లో అమెరికాలోని క్యాడిలాక్‌కు వెళ్లిన ఇంజినీరు మారిస్ ఓలీ, బరువులను అటూ ఇటూ జరపగలిగే ప్రత్యేక కారుతో ఈ విషయాన్ని పరిశీలించారు. వెనుక భాగం ముందు భాగం కంటే కాస్త వేగంగా ఊగితే ప్రయాణం సమతలంగా ఉంటుందన్నది ఆ కృషి నుంచి వచ్చిన సూత్రం.

దీని వెనుక కారణం సులువైనదే. స్పీడ్ బ్రేకర్‌ను ముందు చక్రాలు మొదట ఎక్కుతాయి. రెండు యాక్సిళ్ల మధ్య దూరం 2.5 మీటర్లు ఉన్న కారు గంటకు 25 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే వెనుక చక్రాలు 0.36 సెకన్ల తర్వాత అక్కడికి చేరతాయి. 60 కిలోమీటర్ల వేగంలో ఈ తేడా 0.15 సెకన్లు. ముందు భాగం అప్పటికే ఊగడం మొదలుపెట్టింది. వెనుక భాగం ఆలస్యంగా మొదలై అదే వేగంతో ఊగితే, ముక్కు లేస్తుంటే తోక దిగుతుంది. కారు తక్కెడలా ఊగుతుంది. వెనుక కాస్త వేగంగా ఊగితే ముందు భాగాన్ని అందుకుని, రెండూ కలిసి పైకీ కిందికీ కదులుతాయి. తక్కెడ ఊపు కంటే ఈ కదలికను శరీరం సులువుగా ఓర్చుకుంటుంది.

అందుకే చాలా కార్లలో ముందు, వెనుక స్ప్రింగులను తయారీదారులు ఒక జతగా లెక్కించి బిగిస్తారు. వెనుక స్ప్రింగులను మాత్రమే మార్చడం ఆ జతను విడదీయడమే.

మొదటి ఖర్చు షాక్ అబ్జార్బర్ మీదే

మెకానిక్‌లు షాకప్ అని పిలిచే షాక్ అబ్జార్బర్ బరువును మోయదు. స్ప్రింగులో నిల్వ అయిన శక్తిని నూనె సన్నని రంధ్రాల గుండా పారేలా చేసి వేడిగా మార్చేస్తుంది. అది లేకపోతే కారు గుంత దాటాక కూడా చాలాసేపు ఊగుతూనే ఉంటుంది.

ఊపును ఎంత త్వరగా ఆపుతుందో చెప్పడానికి ఇంజినీర్లు అవరుద్ధ నిష్పత్తిని వాడతారు. దాని విలువ 1 అయితే కారు ఒక్కసారి కూడా ఊగకుండా తన స్థానానికి వస్తుంది. సాధారణ కార్లలో ఇది 0.2 నుంచి 0.4 మధ్య, పర్‌ఫార్మెన్స్ కార్లలో అంతకంటే ఎక్కువగా ఉంటుంది. ఈ నిష్పత్తి షాక్ అబ్జార్బర్ ఒక్కదాన్నే బట్టి ఉండదు. స్ప్రింగు బిరుసెక్కినా, బరువు పెరిగినా తగ్గిపోతుంది.

మన కారులో ఖాళీగా ఉన్నప్పుడు అవరుద్ధ నిష్పత్తి 0.30 అనుకుందాం. షాక్ అబ్జార్బర్‌ను మార్చకుండా 30 శాతం బిరుసైన స్ప్రింగు వేస్తే అది 0.26కి పడిపోతుంది. అదే కారు నిండితే 0.21 అవుతుంది. గట్టి స్ప్రింగు వేశాక కారు హైవేపై ఎగిరెగిరి పడుతోందని, స్థిరత్వం పెరగాల్సింది పోయి తగ్గిందని వినిపించే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఈ లెక్కలోనే ఉంది. పైగా అప్పటికే అరిగిన షాక్ అబ్జార్బర్ అయితే లెక్క ఇంకా కిందినుంచి మొదలవుతుంది.

అలాగని ఎంత గట్టిదైతే అంత మంచిదనీ కాదు. స్ప్రింగు సాగేటప్పుడు మరీ గట్టిగా అడ్డుకునే షాక్ అబ్జార్బర్, వరుస గుంతల రోడ్డులో చక్రాన్ని తిరిగి కిందికి దిగనివ్వదు. ఒక గుంత నుంచి కోలుకోకముందే ఇంకొకటి వస్తుంది. కారు వెనుక భాగం మెట్టుమెట్టుగా కిందికి లాగబడి చివరికి బంప్ స్టాప్‌ను చేరుతుంది. చక్రం రోడ్డును వదిలేస్తే ఎంత ఖరీదైన టైరైనా పట్టు ఇవ్వలేదు. అందుకే ఫ్యాక్టరీ స్ప్రింగులకు సరిపోయేలా తయారై, ఊపును కాస్త గట్టిగా అదుపు చేసే నాణ్యమైన షాక్ అబ్జార్బర్లే రోజువారీ కారుకు తొలి మెట్టు. ఎత్తు మారదు, జాగా తగ్గదు. కానీ కారు నడకలో తేడా తెలుస్తుంది.

రెండు మిల్లీమీటర్లు, 46 శాతం

మలుపులో కారు ఒరగడాన్ని తగ్గించేది యాంటీ రోల్ బార్. ఎడమ, కుడి చక్రాలను కలిపే ఈ కడ్డీ, ఒక చక్రం పైకి లేచి రెండోది దిగినప్పుడు మెలితిరిగి అడ్డుపడుతుంది. రెండు చక్రాలూ ఒకేసారి లేస్తే అడ్డుపడదు. అందుకే నేరుగా ఎదురయ్యే స్పీడ్ బ్రేకర్ మీద దీని వల్ల సౌఖ్యం పెద్దగా తగ్గదు.

గుండ్రటి కడ్డీ మెలిక బిరుసుతనం దాని వ్యాసం నాలుగో ఘాతానికి అనుపాతంలో ఉంటుంది. 20 మిల్లీమీటర్ల కడ్డీ స్థానంలో 22 మిల్లీమీటర్లది వేస్తే బిరుసుతనం 46 శాతం పెరుగుతుంది. 24 మిల్లీమీటర్లది వేస్తే రెట్టింపు దాటుతుంది. చూపుకు ఆనని తేడా కారు స్వభావాన్నే మార్చేస్తుంది.

ముందు చక్రాలతో నడిచే కార్లు మలుపులో గట్టిగా వెళ్తే ముక్కు బయటికి జారే స్వభావం చూపుతాయి. వెనుక గట్టి బార్ వేస్తే ఈ జారుడు తగ్గి, కారు చురుగ్గా తిరుగుతున్నట్టు అనిపిస్తుంది. దీనికి కారణం ముందు టైర్ల పట్టు అమాంతం పెరగడం కాదు. ముందు భారం కాస్త సమానమై అక్కడ పట్టు కొంచెం మెరుగవుతుంది, వెనుక పట్టు తగ్గుతుంది. టైరుపై భారం పెరిగేకొద్దీ దాని ఘర్షణ గుణకం కొద్దిగా పడిపోతుంది. ఉదాహరణకు, రెండు వెనుక టైర్లపై 250 కిలోల చొప్పున భారం ఉండి, ఘర్షణ గుణకం 1 అయితే మొత్తం పట్టు 500 కిలోల బలానికి సమానం. మలుపులో ఆ భారం 400, 100గా చీలి, గుణకాలు 0.92, 1.05 అయ్యాయనుకుంటే మొత్తం పట్టు 473కి తగ్గుతుంది. వెనుక బార్ ఎంత గట్టిదైతే ఈ చీలిక అంత వెనుకకు చేరుతుంది.

పొడి రోడ్డు మీద, ట్రాక్‌లో ఇది ఉపయోగమే. వానలో ఘాట్ రోడ్డు దిగుతున్నప్పుడు మాత్రం పరిస్థితి వేరు. వాలు వల్ల, బ్రేకు వల్ల భారం అప్పటికే ముందుకు జరిగి వెనుక చక్రాలు తేలికయ్యాయి. మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ వదిలేస్తే అవి మరింత తేలికవుతాయి. అప్పుడు జారేది కారు తోక. ముక్కు జారితే వేగం తగ్గించడం సగటు డ్రైవరుకు అలవాటైన పనే. తోక జారితే సరిదిద్దడానికి దొరికేది క్షణకాలమే.

వెనుక సస్పెన్షన్ ఎంత కీలకమో చరిత్రలో ఒక కారు చూపించింది. 1960 మోడల్‌గా వచ్చిన షెవ్రోలే కార్వెయిర్‌కు ఇంజిన్ వెనుక ఉండేది. దాని స్వింగ్ యాక్సిల్ ఏర్పాటులో, తీవ్రమైన మలుపులో వెనుక బయటి చక్రం కారు కిందికి మడుచుకునే ప్రమాదం ఉండేది. నిలకడ కోసం ముందు టైర్లలో గాలిని 15 పీఎస్ఐకి, వెనుక 26 పీఎస్ఐకి ఉంచాలని కంపెనీ సూచించింది. 1964 మోడల్‌లో ముందు యాంటీ రోల్ బార్, వెనుక అడ్డంగా ఒక కమాను చేర్చారు. 1965 మోడల్‌లో వెనుక సస్పెన్షన్‌నే పూర్తిగా మార్చారు. అదే ఏడాది రాల్ఫ్ నాడర్ రాసిన ‘అన్‌సేఫ్ ఎట్ ఎనీ స్పీడ్’ పుస్తకం తొలి అధ్యాయంలో పాత కార్వెయిర్‌నే ప్రశ్నించింది. ఆ కారు తోటి కార్ల కంటే అధ్వాన్నం కాదని 1972లో అమెరికా ప్రభుత్వ సంస్థ చెప్పినా, ముందు వెనుకల సమతూకం భద్రతకు సంబంధించిన విషయమన్న పాఠం మాత్రం నిలిచిపోయింది.

బీమ్ అయితే తక్కువా?

వెనుక ట్విస్ట్ బీమ్ ఉంటే చవక కారు, మల్టీ లింక్ ఉంటే మంచి కారు అన్న అభిప్రాయం ఉంది. ట్విస్ట్ బీమ్‌లో రెండు చక్రాల చేతులను మెలితిరగగల ఒక అడ్డ దూలం కలుపుతుంది. 1974లో వచ్చిన ఫోక్స్‌వాగన్ షిరోకో, గోల్ఫ్ కార్లు దీన్ని విస్తృతంగా వాడుకలోకి తెచ్చాయి. మల్టీ లింక్‌లో ప్రతి చక్రాన్నీ అనేక కడ్డీలు విడివిడిగా అదుపు చేస్తాయి. 1982 నాటి మెర్సిడెస్ 190లో ఒక్కో వెనుక చక్రానికి ఐదు కడ్డీలు ఉండేవి. 2003లో వచ్చిన ఐదో తరం గోల్ఫ్ కూడా మల్టీ లింక్‌కు మారింది.

అయితే 2019లో జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్ ట్రాక్‌లో రెనో మెగాన్ ఆర్ఎస్ ట్రోఫీ ఆర్ 7 నిమిషాల 40.1 సెకన్లలో ల్యాప్ పూర్తిచేసి, ముందు చక్రాలతో నడిచే ఉత్పత్తి కార్లలో అప్పటికి రికార్డు సాధించింది. దాని వెనుక ఉన్నది బీమ్ యాక్సిలే. రకం కంటే అమరిక ముఖ్యమనడానికి ఇది చాలు. తేడా ఎక్కువగా తెలిసేది గతుకుల రోడ్డు మీద. ఒక చక్రం గుంతలో పడితే బీమ్ ద్వారా ఆ ప్రభావం రెండో చక్రానికీ కొంత చేరుతుంది. బీమ్ తానే ఒక యాంటీ రోల్ బార్‌గా పనిచేస్తుంది కాబట్టి, దానికి ఇంకో గట్టి బార్ బిగిస్తే ఆ బంధం మరింత బిగుస్తుంది.

బుష్‌ల విషయంలోనూ జాగ్రత్త అవసరం. రబ్బరు బుష్‌లు తీసేసి గట్టి పాలీయురేథేన్ బుష్‌లు వేస్తే స్పందన పదునెక్కుతుందని చెబుతారు. కానీ రబ్బరు సాగడం లోపం కాకపోవచ్చు, అది లెక్కలో భాగమే కావచ్చు. 1977లో వచ్చిన పోర్షే 928లో వైసాక్ యాక్సిల్ దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. మలుపులో డ్రైవరు యాక్సిలరేటర్ వదిలితే, ముందువైపు బిగింపులోని వెసులుబాటు వల్ల వెనుక చక్రం సన్నని కోణంలో లోపలికి తిరిగి కారును నిలబెట్టేది. ఇలాంటి చోట గట్టి బుష్ వేస్తే ఇంజినీర్లు ఇచ్చిన రక్షణను తీసేసినట్టే. పలు దిశల్లో మెలితిరగాల్సిన చోట గట్టి బుష్ పట్టేసుకుని, కనిపించని అదనపు స్ప్రింగులా కూడా ప్రవర్తిస్తుంది.

ఏది ముందు, ఏది తర్వాత?

ఈ లెక్కలన్నీ కలిపి చూస్తే ఎంపికకు ఒక వరుస ఏర్పడుతుంది. మొదట ఉన్నదాన్ని సరిచేయాలి. అరిగిన బుష్‌లు, నూనె కారుతున్న షాక్ అబ్జార్బర్లు, పాతబడిన టైర్లు ఉన్న కారుకు ఏ కొత్త భాగమూ మేలు చేయదు. చక్రాల అలైన్‌మెంట్ వెనుక కూడా కొలిపించాలి. డోరు దగ్గర అతికించిన పట్టికలో నిండు కారుకు వెనుక టైర్ల గాలి విడిగా ఇస్తే దాన్ని పాటించాలి.

రెండో మెట్టు నాణ్యమైన షాక్ అబ్జార్బర్లు, నాలుగు చక్రాలకూ. మూడోది, ఇంకా అవసరమనిపిస్తేనే, ముందు వెనుకలకు జతగా రూపొందించిన, ఎత్తును పెద్దగా తగ్గించని స్ప్రింగులు. షాక్ అబ్జార్బర్లు వాటికి సరిపోయేవేనని నిర్ధారించుకోవాలి. వెనుక యాంటీ రోల్ బార్ చివరి మెట్టు. వేసినా స్వల్ప తేడా ఉన్నదే వేయాలి. స్ప్రింగు చుట్ల మధ్య ఇరికించే రబ్బరు బఫర్లు నిండు కారు కుంగకుండా చూస్తాయి కానీ, కొన్ని చుట్లను పనిచేయనివ్వక స్ప్రింగును బిరుసెక్కిస్తాయి. ఖాళీ కారులో దాని ఫలితం కుదుపు.

చట్టం మాటా గుర్తుంచుకోవాలి. మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన, రిజిస్ట్రేషన్‌లో నమోదైన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్ని స్పష్టం చేసింది. అనుమతి లేని మార్పుకు ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు రూ. 5,000 జరిమానా, లేదా రెండూ విధించే వీలుంది. అందువల్ల ఏ భాగమైనా కొనేముందే రవాణా శాఖ కార్యాలయంలో, బీమా సంస్థ దగ్గర కనుక్కోవడం మేలు.

డబ్బు పెట్టే ముందు ఎవరైనా చేసుకోగల ఒక కొలత ఉంది. కారును చదును నేలపై నిలిపి, వెనుక చక్రం మధ్యబిందువు నుంచి పైనున్న ఫెండర్ అంచు దాకా టేపుతో కొలవాలి. మొదట డ్రైవరు ఒక్కరే కూర్చున్నప్పుడు, తర్వాత ఐదుగురు ఎక్కి డిక్కీ నిండినప్పుడు. రెండు కొలతల తేడా ఆ కారు వెనుక స్ప్రింగు రోజూ ఎంత జాగా వాడుకుంటోందో చెబుతుంది. బంప్ స్టాప్ దాకా ఎంత ఖాళీ ఉందో మెకానిక్ లిఫ్ట్ మీద చూపగలడు. ఆ ఖాళీలోంచి ఈ తేడాను తీసేస్తే మిగిలేదే గుంతలకు దొరికే జాగా. కొత్త స్ప్రింగు పెట్టె మీద రాసిన ఎత్తు తగ్గింపు ఆ మిగులును తినేసేలా ఉంటే, ఆ స్ప్రింగు ఎంత పేరున్న కంపెనీదైనా ఈ కారుకు సరిపోదు.